ఏసీ కంపెనీ వాళ్లే ఆన్ చేసి ఇస్తుంటే కమిషనింగ్‌కి వేరే ఫీజు ఎందుకు?

ప్రశ్న: గుంటూరులో మిర్చి యార్డుకు కొంచెం ఇవతల, మెయిన్ రోడ్డు మీద స్టిల్ట్ పైన అయిదంతస్తుల భవనం కడుతున్నాం. మొత్తం 45,000 చదరపు అడుగులు. కింది రెండు అంతస్తుల్లో మావారి డయాగ్నస్టిక్ సెంటర్ వస్తుంది. పై మూడూ ఆఫీసులకు అద్దెకిస్తాం. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) గ్రీన్ సర్టిఫికెట్‌కు రిజిస్టర్ చేయించాం. ప్రస్తుతం వీఆర్‌ఎఫ్ (ఒక అవుట్‌డోర్ యూనిట్‌తో చాలా ఇండోర్ యూనిట్లు నడిచే) ఏసీ పైపులు, డక్టులు వేస్తున్నారు. ఫాల్స్ సీలింగ్ ఇంకా మూయలేదు. మాఘమాసంలో ప్రారంభం అనుకున్నాం. ఇంతలో గ్రీన్ కన్సల్టెంట్ "కమిషనింగ్ చేసేవాళ్లను విడిగా పెట్టుకోవాలి" అన్నారు. కొటేషన్ లక్షల్లో ఉంది. పని చేయిస్తున్నది మా ఆడపడుచు భర్త. "ఏసీ కంపెనీ వాళ్లే వచ్చి ఫ్రీగా కమిషనింగ్ చేస్తారు, కాగితం కూడా ఇస్తారు, ఒకే పనికి రెండుసార్లు డబ్బెందుకు" అని అన్నయ్యగారి వాదన. ఇంకొకాయనైతే రిపోర్టు మాత్రం తయారుచేసి ఇస్తానని, ఆ కొటేషన్‌లో నాలుగో వంతుకు ఒప్పుకున్నాడు. ఎవరి మాట వినాలి? పెట్టక తప్పని ఖర్చయితే అద్దెదారుల మీద వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అన్నయ్యగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఏసీ కంపెనీ ఇంజనీరు తప్పకుండా వస్తాడు. రాగి పైపుల్లో నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలిచిందో లేదో చూస్తాడు, వ్యాక్యూమ్ లాగుతాడు, పైపు పొడవును బట్టి అదనపు గ్యాస్ ఎక్కిస్తాడు, ఓల్టేజీ చూస్తాడు, ఒక్కో ఇండోర్ యూనిట్‌నూ రిమోట్‌తో ఆన్ చేసి ఎర్రర్ కోడ్ రాకపోతే సంతకం పెట్టి వెళ్తాడు. వారంటీ మొదలవ్వాలంటే ఇదంతా జరగాల్సిందే. దానికి విడిగా డబ్బు అడగడు, మెషిన్ ధరలోనే మీరు కట్టేశారు కాబట్టి.

అయితే ఆ అబ్బాయి చూసేది తన మెషిన్‌ని, మీ భవనాన్ని కాదు. పెళ్లిలో వంటవాళ్లు ఎవరి గుండిగలో ఉప్పు వాళ్లే చూసుకుంటారు. చివరి బంతిలో కూర్చున్నాయన ఆకులోకి అన్నం వేడిగా వచ్చిందా, పులుసు అసలు అందిందా అన్నది వాళ్లకు పట్టదు. మీ భవనంలోనూ అంతే. ఏసీ వాళ్లు ఏసీ, డక్టు వాళ్లు డక్టు, ఎలక్ట్రికల్ వాళ్లు ప్యానెల్, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) వాళ్లు ఎస్టీపీ చూసి వెళ్లిపోతారు. మూడో అంతస్తు మూల గదిలో కూర్చునే మనిషికి లెక్క ప్రకారం రావాల్సిన బయటిగాలి వస్తోందా? కరెంటు పోయి జనరేటర్ అందుకున్నాక ఏది ముందు మొదలవ్వాలో అదే మొదలైందా? ఫైర్ అలారం మోగితే ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ ఆగిందా, లిఫ్టు కిందికి వచ్చి తలుపు తెరిచిందా? ఇవన్నీ ఇద్దరు ముగ్గురు వెండర్ల సరిహద్దుల మీద ఉండే పనులు. ఎవరినడిగినా "మా స్కోపు కాదండీ" అంటారు, అదీ నిజమే. ఈ సరిహద్దులను మీ తరఫున నిలబడి చూసేదే కమిషనింగ్. కొటేషన్ ఇచ్చింది ఆ పనికి. కాబట్టి రెండుసార్లు డబ్బు కట్టడమన్న మాట రాదు, ఇవి రెండు వేరు పనులు.

ఇక గ్రీన్ సర్టిఫికెట్‌తో దీనికేం సంబంధమంటారా? మీరు ఐజీబీసీకి ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ డ్రాయింగులూ లెక్కలూ. ఇంత కరెంటు ఆదా అవుతుందని కంప్యూటర్ నమూనాలో చూపించారు. మనిషి లేనప్పుడు లైట్లు ఆరతాయని, ఫ్యాన్ వేగం అవసరాన్ని బట్టి తగ్గుతుందని, శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కు వెళ్తాయని రాసిచ్చారు. అవి మాటలు. కట్టిన భవనం ఆ మాట మీద నిలబడిందని కొలిచి చూపించే దశ ఒకటి ఉండాలి కదా. ఐజీబీసీ కొత్త భవనాల రేటింగ్ మూడో వెర్షన్‌లో కమిషనింగ్ ప్లాన్ తయారుచేయడం తప్పనిసరి షరతు. పాయింట్లతో నిమిత్తం లేదు, అది లేకపోతే మిగతా పాయింట్లు ఎన్ని వచ్చినా సర్టిఫికెట్ రాదు. పరికరాలు బిగించాక ఆ ప్లాన్ ప్రకారం కమిషనింగ్ చేసి చూపిస్తే మరో 2 పాయింట్లు. అమెరికా వాళ్ల లీడ్ పద్ధతి ఇంకా గట్టిది. నాలుగో వెర్షన్‌లో ప్రాథమిక కమిషనింగ్ చేయనిదే అర్హతే లేదు. లోతుగా చేస్తే, గోడలూ కిటికీలూ పైకప్పుతో సహా పరీక్షిస్తే, 6 పాయింట్ల దాకా ఇస్తారు.

"రెండు పాయింట్ల కోసం లక్షలా?" అని అన్నయ్యగారు ఈ లెక్క చూసి కచ్చితంగా అంటారు. ఆ రెండే చూస్తే ఆయన మాట నిజం. కానీ అదే రేటింగ్‌లో మెరుగైన ఇంధన సామర్థ్యానికి 15 పాయింట్ల దాకా ఉన్నాయి. మీటరింగ్‌కు ఉన్నాయి, బయటిగాలికి ఉన్నాయి, నీటి పునర్వినియోగానికి ఉన్నాయి. ఇవన్నీ పరికరాలు కాగితం మీద రాసినట్టే పనిచేస్తేనే అర్థముండే పాయింట్లు. కమిషనింగ్ వాటన్నిటి కిందా ఉంది. పైగా మీ భవనం లోడు 100 కిలోవాట్లు ఎలాగూ దాటుతుంది కాబట్టి ఈసీబీసీ అనే ఇంధన పొదుపు కోడ్ కిందికీ వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలోనే 2014లో దాన్ని నోటిఫై చేశారు. ఒకసారి కొలిచి పెట్టుకున్న రీడింగులు అక్కడా ఇక్కడా పనికొస్తాయి.

కమిషనింగ్‌లో బయటపడే లోపాలు ఎలా ఉంటాయో కొన్ని చెప్తాను. ఇవి ఎక్కడో జరిగేవి కావు. బందరు రోడ్డు మీదా, ఏలూరు రోడ్డు మీదా, మంగళగిరి దగ్గర లేచిన కొత్త భవనాల్లోనూ చూస్తున్నవే.

టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి చూడండి. త్రీఫేజ్ మోటారుకు రెండు వైర్లు అటూ ఇటూ మారితే అది వెనక్కి తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి అదే వైపుకు వస్తుంది, కాకపోతే చాలా తక్కువ వస్తుంది. చేయి పెట్టి చూసినవాడు "వస్తోందిగా" అని వెళ్లిపోతాడు. కొలిచినవాడికే తెలుస్తుంది. రిసెప్షన్‌లో గ్రీన్ ఫలకం మెరుస్తూ ఉంటుంది, కారిడార్‌లో మాత్రం ఫినాయిల్ వాసన.

సబ్‌మీటర్లది ఇంకో కథ. ప్యానెల్లో 200/5 సీటీ (పెద్ద కరెంటును తగ్గించి మీటరుకు అందించే కాయిల్) బిగించి మీటరులో 100/5 అని సెట్ చేస్తే అది వాడకంలో సగమే చూపిస్తుంది. అద్దెదారుడికి సగం బిల్లు వెళ్తుంది, మిగతా సగం మీరు కడతారు. ఏడాది తర్వాత డిస్కం బిల్లుకూ మీ మీటర్ల మొత్తానికీ పొంతన కుదరక తల పట్టుకుంటారు. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పట్టుకుని అంతస్తుకు పది నిమిషాలు నిలబడితే తేలిపోయే సంగతి ఇది. పై మూడంతస్తులూ అద్దెకిచ్చే మీకు ఈ ఒక్క పరీక్షే ఫీజులో మంచి భాగం వెనక్కి ఇస్తుంది.

ఫ్యాన్ల వేగం తగ్గించే వీఎఫ్‌డీలు కొంటారు, గ్రీన్ లెక్కలో చూపిస్తారు. ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గితే అది తాగే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, అంత లాభం. ట్రయల్ రోజున ఎవరో దాన్ని హ్యాండ్ మోడ్‌లో పెట్టి పూర్తి వేగంతో తిప్పి చూస్తారు. తిరిగి ఆటోలోకి మార్చేవాడు ఉండడు. భవనం ఉన్నన్నాళ్లూ అలాగే తిరుగుతుంది.

ఫ్రెష్ ఎయిర్ గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బయటిగాలి పెంచే సెన్సర్లు మీ డ్రాయింగుల్లో ఉండే ఉంటాయి. ఆ సెన్సర్ సరఫరా గాలి వచ్చే గ్రిల్ పక్కనే బిగిస్తే దానికెప్పుడూ మంచి గాలే తగులుతుంది, డాంపర్ (డక్టులో గాలిని అదుపుచేసే రెక్క) ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇది ఎక్కడైనా జరిగేదే. మీకు అదనంగా మిర్చి సీజన్ ఉంది. యార్డుకు సరుకు పోటెత్తే నెలల్లో ఆ వైపు గాలి ఎలా ఉంటుందో గుంటూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బయటిగాలి లాగే మెషిన్ మూతి ఏ దిక్కుకు ఉంది? ఫిల్టర్ ఏ రకం? అది మూసుకుపోయిందని చెప్పే ప్రెషర్ గేజ్ ఉందా? డిజైన్ చేసినవారు హైదరాబాద్‌లో కూర్చుని గీసి ఉంటే ఇది వాళ్లకు తట్టి ఉండదు. ఫిల్టర్ నిండితే గాలి తగ్గుతుంది. ఘాటు తట్టుకోలేక ఆపరేటర్ డాంపర్ మూసేస్తే అసలే రాదు. రెండు రకాలుగానూ మీరు చూపించిన బయటిగాలి పాయింటు కాగితం మీదే మిగులుతుంది.

మీవారి ల్యాబ్‌లో ఇంకొకటి. శాంపిళ్లు పరీక్షించే గదిలోంచి గాలి కారిడార్‌లోకి రాకూడదు, కారిడార్‌లోంచి గదిలోకే వెళ్లాలి. కొలవడానికి మీటర్లున్నాయి. మీరే చూడాలంటే తలుపు సందు దగ్గర అగరుబత్తి పట్టుకోండి, పొగ ఎటు పోతోందో చెప్తుంది. అలాగే ఆఫీసులకు రాత్రి ఏసీ ఆపే టైమర్ పరీక్షలకు వాడే రసాయన మందులు (రీజెంట్లు) నిల్వ ఉంచే గదిని కూడా ఆపేస్తోందేమో చూడాలి. పొదుపు కోసం పెట్టిన టైమర్ మందులు పాడుచేస్తే మర్నాడే ఎవరో దాన్ని పీకేస్తారు, దాంతో పాటు ఆఫీసుల టైమర్ కూడా పోతుంది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది మీ ఉత్తరంలోని ముహూర్తం. మాఘమాసంలో గుంటూరులో ఏ ఏసీ అయినా పనిచేస్తుంది. కిటికీ తెరిచినా పనిచేసినట్టే ఉంటుంది. అప్పుడు చేసిన ట్రయల్ రన్‌లో గది 24 డిగ్రీలకు వచ్చిందని రాసుకుంటే దాంతో తేలేదేమీ లేదు. అసలు పరీక్ష రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఆ ఎండలో టెర్రస్ మీదో, వెనక సందులోనో వరసగా పేర్చిన అవుట్‌డోర్ యూనిట్లు ఒకదాని వేడిగాలి ఇంకొకటి పీల్చుకుంటాయి. బయట నీడలో 44 డిగ్రీలుంటే మెషిన్ మూతి దగ్గర 50 దాటొచ్చు. చల్లదనం తగ్గుతుంది, హై ప్రెషర్‌లో ట్రిప్ అవుతుంది. కింద డయాగ్నస్టిక్ సెంటర్లో జనం నిండుగా ఉన్న మధ్యాహ్నమే అవుతుంది. యూనిట్ల మధ్య ఎడమెంత, పైన లూవర్లు ఎంత అడ్డం, గోడ ఎంత దూరం అన్నవి ఇప్పుడు, బిగించకముందు చూస్తే టేపుతో అయిపోయే పని. తర్వాతైతే క్రేన్ కావాలి.

ఎండ తగ్గాక కూడా పరీక్ష ఉంది. శ్రావణ భాద్రపదాల్లో వాన వెలిసిన ఉక్కపోతలో వేడి తక్కువే గానీ తేమ విపరీతం. అప్పుడు బయటిగాలి మెషిన్ తేమను పిండలేకపోతే గ్రిల్స్ మీద చెమట పడుతుంది, ఫాల్స్ సీలింగ్ మీద మరకలు వస్తాయి. పూర్తి లోడు లేనందువల్ల ఏసీలు త్వరగా ఆగిపోతుంటాయి, గది చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. అది భరించలేక అద్దెదారులు 20కి తిప్పుతారు, మీ గ్రీన్ లెక్క అక్కడితో సరి.

లీడ్‌లో లోతైన కమిషనింగ్‌కు భవనం పూర్తయిన 10 నెలలకు మళ్లీ వచ్చి చూడాలన్న నియమం ఇందుకే పెట్టారు. వారంటీ అయిపోకముందు, ఋతువులు తిరిగాక. ఐజీబీసీ అడిగినా అడగకపోయినా మీరు మీ ఒప్పందంలో ఇలా రాయించండి: మాఘంలో గాలి పరిమాణాలు, సెన్సర్లు, మీటర్లు, లైట్లు, జనరేటర్, నీళ్ల పరీక్షలు, మేలో పూర్తి లోడు పరీక్ష, వర్షాకాలంలో తేమ పరీక్ష. మూడుసార్లు వస్తేనే పూర్తి ఫీజు. ఏసీ వెండర్‌కు ఆపి ఉంచే రిటెన్షన్ సొమ్ము, కనీసం 5 శాతం, మే పరీక్ష గట్టెక్కాకే విడుదల చేయాలి. ప్రారంభోత్సవం రోజున హడావిడిలో ఆ చెక్కు మీద సంతకం చేయకండి. డబ్బు ఇచ్చేశాక మే నెలలో ఫోన్ ఎత్తే వెండర్ అరుదు.

ముహూర్తం మార్చుకోమనడం లేదు. పూజ చేసుకోండి, పాలు పొంగించండి. హ్యాండోవర్ కాగితాల మీద తేదీ మాత్రం పంతులుగారు పెట్టింది కాకుండా పరీక్షలు పూర్తయిన రోజుది ఉండాలి.

రిపోర్టు మాత్రం ఇస్తానన్న ఆయన సంగతి పెద్దగా చర్చించేది కాదు. సైటుకు రాకుండా రాసిన అంకెలను మీ పేరు మీద సర్టిఫికెట్ సంస్థకు సమర్పిస్తే అది తప్పుడు పత్రమే, ఇరుక్కునేది మీరు. ఇంకో సంగతి, ఆ రిపోర్టులో అన్నీ బాగున్నాయనే ఉంటుంది. మేలో ఏసీ ట్రిప్ అయితే ఏసీ కంపెనీ ఆ రిపోర్టే మీ ముందు పెట్టి "అప్పుడు బాగానే ఉందని మీరే రాశారు కదా" అంటుంది. నాలుగో వంతు డబ్బుతో మీకు వ్యతిరేకంగా సాక్ష్యం కొనుక్కున్నట్టు అవుతుంది.

అసలు పని చేసేవారిని ఎంచుకునేటప్పుడు రెండు అడగండి. ఇంతకుముందు చేసిన భవనం తాలూకు లోపాల జాబితా, పేర్లు కొట్టేసి, చూపించమనండి. ఏ లోపం, ఎవరి బాధ్యత, ఎప్పుడు సరిచేశారు, మళ్లీ కొలిస్తే ఎంత వచ్చింది, ఇవన్నీ అందులో ఉండాలి. ఒక్క లోపమూ లేని రిపోర్టు గర్వంగా చూపిస్తే నమస్కారం పెట్టి పంపేయండి. రెండోది, సొంత పరికరాలున్నాయా, వాటి కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తున్నాయని పరీక్షించిన) సర్టిఫికెట్ తేదీ ఎప్పటిది. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్, క్లాంప్ మీటర్, తేమ కొలిచేది కూడా లేకుండా వచ్చేవాళ్లున్నారు. వెండర్ మీటర్ అరువు తీసుకుని వెండర్ పనినే కొలవడమేమిటో నాకర్థం కాదు.

మీ గ్రీన్ కన్సల్టెంట్ సంస్థే ఈ పని కూడా చేస్తానంటే? చేయొచ్చు, కాకపోతే డిజైన్‌లో చేయి పెట్టిన మనిషి కాకుండా వేరేవారు రావాలి. లీడ్‌లో 20,000 చదరపు అడుగుల లోపు చిన్న భవనాలకైతే డిజైన్ లేదా నిర్మాణ బృందంలోని అర్హుడైన మనిషికే ఈ పని అప్పగించడానికి ఒప్పుకుంటారు. మీది 45,000. ఐజీబీసీ దారిలో వెళ్తున్నా ఆ గీతను మీరూ పాటించడం మేలు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఏసీ వెండర్ కింద సబ్‌కాంట్రాక్టుగా పెట్టకండి, చెక్కు మీ చేతి నుంచే వెళ్లాలి.

ఖర్చు తిరిగి వస్తుందా అన్నదానికి మన ఊళ్ల లెక్క పట్టుకుని చెప్పడం కష్టం గానీ, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీ 2009లో 643 భవనాల వివరాలు క్రోడీకరించింది. వాటిలో 10,000కు పైగా లోపాలు బయటపడ్డాయి. ఇంధన ఆదా మధ్యస్థంగా చూస్తే పాత భవనాల్లో 16 శాతం, కొత్తవాటిలో 13 శాతం. పెట్టిన ఖర్చు పాత భవనాల్లో 1.1 ఏళ్లకు, కొత్తవాటిలో 4.2 ఏళ్లకు తిరిగొచ్చింది. అక్కడి కూలి ఖర్చు వేరు, కరెంటు రేటు వేరు, వాతావరణం వేరు కాబట్టి ఈ అంకెలు మీకు అచ్చంగా సరిపోవు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏసీ నడిచే ఊళ్లో దాని లోపం రోజూ బిల్లులో కనిపిస్తుందన్నది మాత్రం తెలిసిందే.

ఇప్పుడు అత్యవసరం ఫాల్స్ సీలింగ్. అది మూయకముందు చేయాల్సినవి ఈ వారమే మొదలుపెట్టాలి. కమిషనింగ్ వాళ్లు కుదిరేలోగా కనీసం వీటిని మీ సైట్ ఇంజనీరుతో చేయించండి. ప్రతి ఇండోర్ యూనిట్ ట్రేలో ఒక చెంబు నీళ్లు పోయించి డ్రెయిన్ పైపు చివర బయటికి వచ్చాయో లేదో చూడండి. వాలు సరిగా లేని పైపు వర్షాకాలంలో సీలింగ్‌లోంచే కారుతుంది. డక్టు జాయింట్లకు, రాగి పైపులకు ఇన్సులేషన్ ఎక్కడ చిరిగిందో, హ్యాంగర్ దగ్గర ఎక్కడ నలిగిందో ఫోటోలు తీయించండి. డాంపర్లు ఎక్కడెక్కడున్నాయో, వాటిని తిప్పడానికి సీలింగ్‌లో తలుపు వదులుతున్నారో లేదో చూడండి. తలుపు లేని డాంపర్ ఉన్నా లేనట్టే. ఎస్టీపీ నీళ్ల లైను, మంచినీళ్ల లైను ఎక్కడా కలవలేదని తేల్చుకోవడానికి శుద్ధినీళ్ల ట్యాంకులో రంగు కలిపి అన్ని కుళాయిలూ తిప్పి చూడడం గోడలకు టైల్స్ వేయకముందైతే సులువు. డయాగ్నస్టిక్ సెంటర్లో ఈ పరీక్ష వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇంకొకటి మీరూ మీవారూ కూర్చుని రాయాల్సిన కాగితం. ఇంగ్లీషులో ఓనర్స్ ప్రాజెక్ట్ రిక్వైర్‌మెంట్స్ అంటారు, తెలుగులో రాసినా నష్టం లేదు. ఏ అంతస్తులో ఎంతమంది, ఎన్ని గంటలు, గది ఎంత చల్లగా ఉండాలి, ఏ గది రాత్రంతా నడవాలి, కరెంటు పోతే ఏవి ఆగకూడదు, ఎవరు నడుపుతారు. డిజైనర్ తను వేసుకున్న అంచనాలను దీనికి ఎదురుగా రాసిస్తాడు. ఈ రెండూ పోల్చినప్పుడే చాలా తప్పులు బయటపడతాయి. నిజానికి ఇది డిజైన్ మొదట్లో జరగాల్సింది, ఇప్పుడు ఆలస్యమే. అయినా కొలిచేవాడికి దేనితో పోల్చాలో తెలియాలంటే ఈ కాగితం ఉండాల్సిందే.

నడిపే మనిషి గురించి ఎవరూ పట్టించుకోరు. మీ దగ్గర ఎలక్ట్రీషియన్‌గా చేరబోయే కుర్రాణ్ణి ఇప్పుడే పెట్టుకుని పరీక్షలన్నిటికీ పక్కనే నిలబెట్టండి. ప్యానెళ్ల మీద, వాల్వుల మీద తెలుగులో చీటీలు అంటించండి. హ్యాండోవర్ రోజున ఇచ్చే ఇంగ్లీషు మాన్యువల్ బీరువాలోకి వెళ్తుంది, ఆ చీటీలు గోడ మీద ఉంటాయి.

అన్నయ్యగారితో ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ ఉత్తరంలో వినిపించింది. "మీ పని మీద అనుమానంతో కాదు" అని మొదలుపెట్టకండి, అలా అనగానే అనుమానమే గుర్తొస్తుంది. మొదటి మీటింగ్‌కు ఆయన్నే పిలిచి, లోపాల జాబితా ఆయన చేతికే వచ్చేలా చూడండి. వెండర్ల బిల్లులు ఆపడానికి, పని మళ్లీ చేయించడానికి ఆయనకు ఇప్పటిదాకా ఉన్నది గొంతు ఒక్కటే. ఇకమీదట కొలిచిన అంకె ఉంటుంది. మేలో ఏసీ ఆగితే ఫోన్ మొదట వచ్చేదీ ఆయనకే, అదీ బంధువుల నుంచి. నా అనుభవంలో ఈ పనిని మొదట గట్టిగా కాదన్న కాంట్రాక్టర్లే రెండో భవనానికి తామే అడిగారు.

అద్దెదారుల సంగతి. ఈ ఫీజును విడిగా బిల్లు వేసి వాళ్లను అడగడం బాగుండదు, ఇది లిఫ్టూ జనరేటర్లాగా భవనం పెట్టుబడిలో భాగం. ఏటా ఒకసారి చేయించే రీ-చెక్ ఖర్చును మెయింటెనెన్స్ చార్జీలో కలపడం మాత్రం న్యాయమే, ముందే అగ్రిమెంట్‌లో రాస్తే. దానికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటి రాయించండి. అద్దెదారుడు రాగానే చేసే మొదటి పని కేబిన్లు కట్టడం. ఒక పార్టిషన్ గోడ లేస్తే సెన్సర్ ఒక గదిలో, గ్రిల్ ఇంకో గదిలో పడతాయి, మీరు డబ్బు పెట్టి సరిచేయించిన గాలి లెక్కంతా తప్పుతుంది. కాబట్టి పార్టిషన్ డ్రాయింగ్ ముందుగా మీకు చూపించాలని, గ్రిల్స్, సెన్సర్లు జరపాల్సి వస్తే ఆ పనీ, మళ్లీ గాలి కొలిపించే ఖర్చూ వాళ్లే పెట్టుకోవాలని లీజులో ఒక పేరా చేర్చమని మీ లాయరుగారితో చెప్పండి.